కళ్లు మూయని భూలి

తండాలో మేకను కోసేటప్పుడు ఆడవాళ్లు దగ్గరికి రారు. రాకూడదని ఎవరూ శాసనం చేయలేదు గానీ, పొయ్యి రాజేసే పని, మసాలా నూరే పని ఎట్లాగూ వాళ్ల నెత్తినే ఉంటాయి కాబట్టి రారు. భూలి ఒక్కతే వస్తుంది. మోతె దగ్గరి ఆ తండాలో ముప్పై ఏళ్లుగా కత్తి పట్టేది ఆమె మొగుడు జైరాం, వెనక కాళ్లు ఒడిసిపట్టేది భూలి.

కాపురానికొచ్చిన మొదటి ఏడు, తండా దేవత సీత్లా తల్లి పండుగకు జరిగిన ముచ్చట అది. కాళ్లు పట్టిన మరిది సరిగ్గా సమయానికి చేతులు వదిలేశాడు. నెత్తురు కారుతున్న మేక లేచి జనం మీదికి ఉరికింది. మీసాలున్న మగవాళ్లంతా తలా ఒక దిక్కు పరిగెత్తారు. కొత్త కోడలు నెత్తిమీది ముసుగు వెనక్కి తోసి, ఒక్క దూకులో దాన్ని పట్టుకుని నేలకు అదిమింది. "కానియ్," అంది మొగుడితో. ఆ రోజు నుంచి ఆ పని ఆమెదే అయింది. భూలిది రాతి గుండె అని, కళ్లు మూయదని చుట్టుపక్కల తండాల దాకా పేరు పాకింది. ఆమెకు కూడా ఆ పేరంటే లోలోపల కొంచెం గర్వమే.

జైరాందీ ఒక పట్టుదల. మేక మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఆగాల్సిందే. ఇప్పటి కుర్రాళ్లు చెవిలో నీళ్లు పోసి, తోక మెలిపెట్టి, ఎట్లాగోలా విదిలింపజేసి పని కానిచ్చేస్తారు. జైరాం దగ్గర ఆ వేషాలు సాగవు. ఒక ఏడు ఒక నల్ల మేక కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. మధ్యాహ్నం దాటింది, పిల్లలు ఆకలికి ఏడ్చారు, పెద్దలు జైరాం తాతముత్తాతలను తలుచుకుని మరీ తిట్టారు. ఆయన కత్తి తుడిచి మొలలో పెట్టుకుని, "ఇది ఒప్పుకోలే," అని ఇంటికి నడిచాడు. ఆ మేక ఇంకో ఏడేళ్లు బతికి, పళ్లూడి, ముసలిదై చచ్చింది.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, సూర్యాపేట కోర్టు బయట టీవీ వాళ్లు భూలి నోటి ముందు మైకు పెట్టి ఆ ప్రశ్న అడిగినప్పుడు, ఆమె జవాబు కోసం వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు.

"అమ్మా, మీ అల్లునికి ఉరిశిక్ష వేసిండ్రు. రేపు నిజంగనే ఉరి తీస్తే సూడగల్గుతవా?"

"సూస్త. ముంగట గూసొని సూస్త. కండ్లు మూయ."

పక్కనే జైరాం తువాల నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ వీడియో ఆ సాయంత్రానికే అందరి ఫోన్లలోకి చేరింది. వాళ్ల తరఫు వకీలు మాత్రం ఆమెను పక్కకు పిలిచి, "గట్ల సూడనియ్యరమ్మా. జైలు ఆఫీసర్లు, డాక్టరు, ఒక మెజిస్ట్రేటు తప్ప ఎవ్వర్నీ రానియ్యరు," అన్నాడు. భూలి కొంచెం ఆలోచించింది. "అయితె గేటు కాడ నిలబడ్త. అయిపోయింది అని లోపటి నుంచి ఒకరొచ్చి నాకు జెప్పాలె. గంతే," అంది.

ఆమె కోరిక అంతే. ఇల్లూ వాకిలీ కాదు, ఉద్యోగమూ కాదు. ఆ ఒక్క మాట వినేదాకా మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకుంది. మేక కాళ్లు పట్టేది, వంట చేసి అందరికీ వడ్డించేది, తను మాత్రం కారం మెతుకులు తిని లేచేది.

ఇక అల్లుడి సంగతి. రాహుల్ పరాయివాడు కాదు, జైరాం సొంత చెల్లెలు జమునా కొడుకు. కోదాడ పక్క అనంతగిరి దగ్గర తండా వాళ్లది. తండ్రి తాగొచ్చి చితకబాదితే, ఆరేడేళ్ల పిల్లవాడు ఒక్కడే బస్సెక్కి మామ ఇంటికి వచ్చేసేవాడు. భూలే తినబెట్టింది, భూలే పక్కన పడుకోబెట్టుకుంది. పెద్దయ్యాక తన కూతురు సుధను ఇచ్చి చేసింది. కోదాడలో కిరాయి గదిలో కాపురం పెట్టారు. వాడు సెల్‌ఫోన్ల షాపులో పనికి కుదిరాడు. పిల్ల పుట్టింది, నిత్య అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత వాడి మనసు ఇంకొకామె మీదికి పోయింది. పోతే పోయాడు, వదిలేసి పోవచ్చు కదా. అట్లా పోలేదు. ఒక ఆదివారం పొద్దున భార్యనూ మూడేళ్ల బిడ్డనూ బైకు మీద ఎక్కించుకుని సాగర్ ఎడమ కాలువ కట్ట మీదికి తీసుకుపోయాడు. ముగ్గురు పోయారు, ఒక్కడు వెనక్కి వచ్చాడు. ఆ రెండు సంగతులూ పెట్రోలు బంకు కెమెరాలో పడ్డాయి.

కానీ కెమెరా సంగతి బయటపడింది నాలుగో రోజు. మొదటి మూడు రోజులే భూలి గుండెలో ఇప్పటికీ మంట. ఆ మూడు రోజులూ వాడు అందరికంటే ముందు నిలబడి వెతికాడు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది వాడే, కోదాడ బస్టాండులో సుధ ఫొటో పట్టుకుని తిరిగింది వాడే. సాయంత్రాలు వచ్చి భూలి ఒళ్లో తలపెట్టి, "అత్తా, నా బిడ్డ ఏడున్నదో," అని ఏడ్చాడు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని వాణ్ని చూసి ఆమె పేగు కదిలింది. తన ఏడుపు తను మింగుకుని, అన్నం కలిపి తన చేత్తో ముద్దలు చేసి తినిపించింది. వాడు తిన్నాడు. నాలుగో రోజు కాలువ లాకుల దగ్గర ఇద్దరూ దొరికారు. ఆ ముద్దలు ఎన్ని తినిపించిందో ఆమెకు లెక్క లేదు గానీ, వాడి పెదవులు తన వేళ్లకు తగిలిన తడి మాత్రం పోలేదు. చెయ్యి ఎన్నిసార్లు కడిగినా అక్కడే ఉన్నట్టుంటుంది.

అందుకే చూస్తానంది. రాతి గుండె ఉండి కాదు.

జైరాం చెల్లెలి గడప తొక్కనని ఆనాడే చెప్పాడు. భూలి నమ్మింది. మొగుడి మాటను అనుమానించే అలవాటు ఆమెకు లేదు. ముప్పై ఏళ్లు ఒకే మేకకు రెండు వైపులా కూర్చున్న మనుషులు ఒకరినొకరు అనుమానించుకుంటే పని సాగదు.

సూర్యాపేటలో తీర్పు వచ్చాక కేసు పై కోర్టుకు పోయింది. ఉరి అంటే పై కోర్టు కూడా ఔననాలట. కొన్ని నెలలకు ఒకరోజు పొద్దున్నే జైరాం తండాకు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు అనూష. పాతికేళ్లు కూడా ఉండవు. చేతిలో పెద్ద నోటుబుక్కు.

"మన వకీలు పంపిన పిల్ల. పై కోర్టుల రాసిస్తదంట. ఏమడిగితే అది జెప్పు," అన్నాడు జైరాం లంబాడీలో.

అనూష మంచం మీద కూర్చోకుండా కిందనే చాప మీద కూర్చుంది. ఆ ఒక్క పనికే భూలికి నచ్చింది. "అమ్మా, పై కోర్టు శిక్ష మీద నిర్ణయం తీసుకునే ముందు అతని జీవితం గురించి ఒక నివేదిక అడిగింది. నేను దాని కోసం వచ్చాను. మీకు ఇష్టం లేకపోతే మాట్లాడక్కర్లేదు. మీవారు మీకు అంతా వివరంగా చెప్పారు కదా?"

భూలి నోరు తెరిచేలోపే జైరాం అందుకున్నాడు. "జెప్పిన, జెప్పిన. ఆమెకు అన్నీ ఎరికే."

అన్నీ తెలిసిన మనిషిలాగే భూలి తలాడించింది. కొత్త మనిషి ముందు నాకేమీ తెలియదని మొగుడి పరువు తీస్తుందా? జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. అమ్మాయి అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. చిన్నప్పుడు ఎట్లా ఉండేవాడంటే మనసారా చెప్పింది. ఆమె లెక్క ఆమెది. వాడు చేసిన మోసం ఎంత పెద్దదో జడ్జి దొరలకు తెలియాలంటే, తను పెట్టుకున్న నమ్మకం ఎంత పెద్దదో తెలియాలి కదా. అందుకని ఏదీ దాచలేదు. తండ్రి బెల్టు దెబ్బలతో వీపు వాచి వచ్చిన పిల్లవాణ్ని గురించి చెప్పింది. తనను పాము కరిస్తే, పద్నాలుగేళ్ల వాడు వీపున ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తి, సూర్యాపేట దవాఖానలో రెండు రోజులు కాళ్ల దగ్గర కూర్చున్నది చెప్పింది. మేకను కోసే రోజు వాడు గడ్డివాము వెనక్కి పోయి చెవులు మూసుకుని కూర్చునేవాడని కూడా చెప్పింది.

"గంత పిరికోడు బిడ్డా! మేక నెత్తురు సూడలేనోడు. గసొంటోడు నా బిడ్డను, గా పసిగుడ్డును..." అని అంతటితో ఆపేసింది. మిగతాది అమ్మాయి కళ్లలో నీళ్లు చూసి చెప్పాల్సిన పని లేదనుకుంది.

పోయేటప్పుడు అనూష రెండు చేతులూ పట్టుకుంది. "మీరు చాలా పెద్ద మనసుతో మాట్లాడారమ్మా," అంది. పెద్ద మనసేమిటో భూలికి అర్థం కాలేదు. చదువుకున్న వాళ్ల మాటలు అట్లాగే ఉంటాయని ఊరుకుంది.

ఎండాకాలం ధాన్యం వచ్చాక భూలి ఏటా మిర్యాలగూడలో మిల్లు పనికి పోతుంది. నాగేశ్వర్ రావు గారి ఉప్పుడు బియ్యం మిల్లులో, ఉడికిన వడ్లను గచ్చు మీద ఆరబోసి కాళ్లతో తిరగేయడం ఆమె పని. ఆషాఢంలో సీత్లా పండుగకు ఇంటికి పోవాలి. ఇంకో నాలుగు రోజుల్లో పండుగ అనగా, మధ్యాహ్నం అన్నం వేళ కొడుకు సునీల్ ఫోను చేశాడు. హుజూర్‌నగర్‌లో ఆటో నడుపుతాడు వాడు.

"యాడీ, పై కోర్టు ఉరి కొట్టేసింది. పాతికేండ్ల దాక బయటికి రాకుండ జైలంట. వకీలు తీర్పు పంపిండు. అంత ఇంగ్లీషుల ఉన్నది. సావుకారమ్మ ఫోనుకు పంపుతున్న, సదివిపిచ్చుకో."

నాగేశ్వర్ రావు గారి భార్య స్వరాజ్యలక్ష్మి డిగ్రీ చదివిన మనిషి. మిల్లు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని కాగితాలన్నీ చూసేది ఆమే. భూలి కాళ్లకంటిన వడ్లు దులుపుకుని గడప దగ్గర కూర్చుంది. స్వరాజ్యలక్ష్మి కళ్లద్దాలు సర్దుకుని ఫోను పైకీ కిందికీ జరిపింది.

"భూలీ, నువ్వే చెప్పావా ఇదంతా?"

"ఏందమ్మా?"

"ఇక్కడ రాశారు. చనిపోయిన అమ్మాయి కన్నతల్లే ముద్దాయి గురించి ఇట్లా చెప్పిందీ అని. చిన్నప్పటి దెబ్బలు, నిన్ను పాము కరిస్తే మోసుకుపోయింది, మేకను కోస్తుంటే చూడలేకపోయేవాడనీ. ఇంత నష్టపోయిన తల్లి నోటి నుంచి వచ్చిన మాటలు కాబట్టి తేలిగ్గా తీసుకోలేం, ఇతను మారే అవకాశం లేదనలేం, అని జడ్జీలు అన్నారు. ఉరిశిక్ష రద్దు చేయడానికి ముఖ్యమైన కారణం అదే."

"నేను గట్ల జెప్పలే," అంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "జెప్పిన. గని గందుకు కాదు."

స్వరాజ్యలక్ష్మి ముఖం చూస్తే ఇంకా ఏదో ఉందని తెలుస్తూనే ఉంది. "సదువుండ్రి అమ్మా," అంది భూలి.

"ఆ రిపోర్టు రాసిన అమ్మాయి నిందితుడి తరఫున వచ్చింది, భూలీ. అందరికీ ఆ సంగతి చెప్పే మాట్లాడానని రాసింది. మీ ఆయన్ని ముందే మూడుసార్లు కలిసిందట. అనంతగిరిలో, వాళ్ల చెల్లెలి ఇంట్లో. భార్యతో తనే మాట్లాడించాడట. వాణ్ని ఉరి తీయొద్దని ఆయన సంతకం చేసిన కాగితం కూడా ఉంది."

కిరాయికి వచ్చిన లారీ ఒకటి గేటు దగ్గర హారన్ కొడుతూనే ఉంది. భూలి దాన్ని వింటూ కూర్చుంది. వకీలు ఓడిపోతే ఓర్చుకునేది. జడ్జీలు జాలిపడితే వాళ్లను నాలుగు తిట్లు తిట్టి ఓర్చుకునేది. "జెప్పిన, జెప్పిన, ఆమెకు అన్నీ ఎరికే" అన్న ఆ గొంతు మాత్రం చెవిలోంచి కదలడం లేదు. ఎంత మామూలుగా అన్నాడు! రొట్టె తెమ్మన్నంత మామూలుగా.

స్వరాజ్యలక్ష్మి మంచినీళ్ల గ్లాసు ఇవ్వబోయింది. భూలి అందుకోలేదు. "పండుగ ఉన్నది, పోయొస్తనమ్మా," అని లేచింది.

మిర్యాలగూడలో బస్సెక్కి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చింది. కాలువ దాటేటప్పుడు ఎప్పటిలాగే తల అటు తిప్పలేదు. కోదాడలో మోతె వైపు బస్సు సిద్ధంగా ఉన్నా ఎక్కకుండా, అనంతగిరి పోయే ఆటోలో కూర్చుంది. ఎందుకో ఆమెకు గట్టిగా తోచింది, ఇవాళ ఆయన అక్కడే ఉంటాడని.

ఉన్నాడు. జమునా ఇంటి ముందు జైరాం మోపెడు నీడలో నిలిపి ఉంది. లోపల పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. చెల్లెలు ఎదురుగా కూర్చుని విసురుతోంది. గడపలో భూలి నిలబడేసరికి జమునా చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"వదినా," అని లేచి, ముందుకు రావాలో వెనక్కి పోవాలో తెలియక గోడకు ఆనుకుంది. మనిషి సగమైపోయింది. వేరే రోజైతే భూలి ఆ సంగతి చూసి ఉండేది.

"ఎన్నడు సంది వస్తున్నవ్ గీడికి?" అని మొగుణ్ని అడిగింది.

జైరాం ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "సూర్యాపేట కోర్టుల ఉరి అన్ననాటి సంది."

"గా పిల్ల ఎవలో ఎరికయ్యే తెచ్చినవా ఇంటికి?"

"ఎరికె."

"నాకెందుకు జెప్పలే?"

ఆయన అబద్ధం ఆడి ఉంటే బాగుండేది. జైరాంకు ఎదుట నిలబడి అడిగితే అబద్ధం రాదు. "జెప్తె నువ్వు నోరిప్పకపోతుంటివి," అన్నాడు.

భూలి గడప పట్టుకుంది. "నా బిడ్డను వాడొక్కపారి నూకిండు కాలువల. నువ్వు నా నోటితోని మల్లొక్కపారి నూకిపిచ్చినవ్."

జమునా కొంగు నోట్లో కుక్కుకుంది. జైరాం ఎంగిలి చేతిని అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

"సుధ నాకు బిడ్డ గాదా?" అన్నాడు చివరికి. "వాడు తప్పు జెయ్యలే అని నేను ఏడ జెప్పలే. జైల్నే సావనియ్. గని నీళ్లు జల్లకుంట, ఒళ్లు ఇదిలియ్యకుంట నేను ఎన్నడన్న మేకను గోసిన్నా? వాడు నా చెల్లె కొడుకు. వాణ్ని ఎట్ల గొయ్యమంటవ్?"

"నిన్ను గొయ్యమన్న మనిషెవరు? కోర్టు గోస్తది. నేను సూస్త అన్న. నీ కత్తి నేను అడగలే."

"నువ్వు సూడలేవు భూలీ."

ఆమెకు మొదట నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు కాళ్లు పట్టిన మనిషిని పట్టుకుని అంటున్న మాటేనా ఇది?

"కత్తిని ఏ దిక్కుకెళ్లి ఏ దిక్కుకు గుంజుతనో జెప్పు," అన్నాడు జైరాం.

భూలి నోరు తెరిచింది. ఎన్ని పండుగలు, ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని మొక్కులు. ఎడమ వైపు నుంచా, కుడి వైపు నుంచా? కళ్ల ముందుకు తెచ్చుకుందామని చూసింది. వచ్చింది జైరాం ముఖమే. కణత మీద ఉబ్బే నరం, కింది పెదవిని పంటితో పట్టే తీరు, పని ముగియగానే ముక్కుతో వదిలే పొడుగాటి ఊపిరి. ఆ ఊపిరి వినబడగానే ఆమె చేతులు వదులయ్యేవి. మేక సంగతి ఆమెకు ఏమీ తెలియదు.

"నువ్వు ఎన్నడూ కండ్లు మూయలే, నిజమే," అన్నాడు జైరాం మెల్లగా. "గని సూసేది మేకను గాదు, నన్ను. మొదటి ఏడు సంది గంతే. నాకెరికే. గాడ జైలు గేటు కాడ నేనుండ, నా మొకం ఉండది. నువ్వు తట్టుకోలేవు. పిచ్చిదానివైతవ్. గందుకే..."

"గందుకే అనకు," అంది భూలి. "గందుకే అని ఇంకొక్క మాట అన్నవంటే బాగుండది. చెల్లె కోసం జేసినవ్. నా కోసం అని నా నెత్తిన వెయ్యకు."

భూలి ఇంకా ఏదో అనాలనుకుంది. ముప్పై ఏళ్లు ఎక్కడ చూసి గుండె దిటవు చేసుకుందో, ఆ ముఖమే ఇప్పుడు ఎంగిలి చేత్తో ఎదురుగా కూర్చుని ఉంది. "గా మొకాన్నే నమ్ముకున్న," అని మాత్రం అనగలిగింది. వెనక్కి తిరిగి రోడ్డు దాకా నడిచి, వచ్చిన ఆటో ఎక్కింది.

పండుగ రోజున ఆమె రాదనే అనుకున్నారు తండా వాళ్లు. సునీల్ నోట సంగతంతా అప్పటికే పొక్కింది. ఈ మూడు రోజులూ మొగుడూ పెళ్లాలు ఒక ఇంట్లోనే ఉన్నా, జైరాం అన్నం తనే పెట్టుకుని తిన్నాడని కూడా తెలుసు. కాళ్లు పట్టడానికి భూలి మరిదినే పిలిచారు. పాపం ఆయన ముప్పై ఏళ్ల కిందటి అవమానం గుర్తొచ్చి, పంచె ఎగ్గట్టి, చేతులకు మట్టి రాసుకుని మరీ సిద్ధమయ్యాడు.

డప్పు మోగుతుండగా భూలి వచ్చింది. మరిదిని భుజం మీద తట్టి, "జరుగు," అంది. ఆయన బతికిపోయినట్టు జరిగాడు. జైరాం ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. ఎంతైనా వచ్చింది కదా అనుకున్నట్టున్నాడు. భూలి కింద కూర్చుంది.

నీళ్లు చల్లారు. మేక కదల్లేదు. గోధుమ రంగు మేక, నుదుటి మీద తెల్ల మచ్చ. ఇంకోసారి చల్లారు. "ఇంకొక నల్ల మేక తయారైంది రా," అని ఎవడో నవ్వాడు. జైరాం తొందరపడలేదు. ఎప్పటిలాగే కత్తి కిందికి పెట్టి, అలవాటు ప్రకారం ఎదురుగా భార్య కళ్ల కోసం చూశాడు. ఆమె కళ్లు లేవు అక్కడ. తల వంచి మేకను చూస్తోంది. దాని చెవి అంచున చిన్న చీలిక ఉంది. కంటి పాప అడ్డంగా, సన్నగా ఉంది. ఊపిరికి పొట్ట ఎగసి పడుతోంది. ఇవన్నీ ఆమె ముప్పై ఏళ్లలో మొదటిసారి చూస్తోంది.

మేక మెడ నుంచి తోక దాకా ఒళ్లు విదిలించింది. నీటి తుంపరలు భూలి ముఖం మీద పడ్డాయి. మేకను పడుకోబెట్టారు. ఆమె కాళ్లు ఒడిసిపట్టింది.

"భూలీ," అన్నాడు జైరాం, ఎవరికీ వినబడనంత చిన్నగా. ఆమె తలెత్తలేదు.

కత్తి ఎడమ వైపు నుంచి వచ్చింది. చర్మం తెగడం చూసింది, తెగాక ఒక క్షణం ఏమీ జరగనట్టు ఉండడం చూసింది, ఆ తర్వాత నెత్తురు ఎగదన్నడం చూసింది. కాళ్లు ఆమె గుప్పిట్లో తన్నుకున్నాయి. జైరాం చెయ్యి జారింది. ఒక్క కోతతో కావలసిన పని కాలేదు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ లేనిది, రెండోసారి కత్తి పెట్టాల్సి వచ్చింది. డప్పు వాళ్లు కూడా దరువు తప్పారు. భూలి అదీ చూసింది. మేక కంటి మీద పొర కమ్మేదాకా, కాళ్లలో చివరి వణుకు ఆగేదాకా రెప్ప వేయకుండా చూసింది. చూడగలిగింది. ఆ సంగతి తెలిసేసరికి దుఃఖం ముంచుకొచ్చింది. జైలు గేటు దగ్గరా నిలబడగలిగేది తను. ఎవరి ముఖం అక్కర్లేకుండానే.

ఎదురుగా పొడుగాటి ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. ఆమె చేతులు ఈసారి దాని కోసం ఆగలేదు, అంతకు ముందే వదిలేశాయి.

జైరాం నెత్తురు చేతులు తొడల మీద పెట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. అప్పుడు తలెత్తింది భూలి.

"ఎడమ దిక్కుకెళ్లి గుంజుతవ్," అంది.

లేచి, కడవలో నీళ్లతో చేతులు కడుక్కుంది. కత్తి కడగడానికి ఎప్పుడూ నీళ్లు పోసేది ఆమే కాబట్టి జైరాం కత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. భూలి కడవను అక్కడే పెట్టేసి, మిర్యాలగూడ బస్సుకు వేళవుతోందని రోడ్డు వైపు నడిచింది.